12 మందితో టస్కనీ కొండ ఊళ్లు, వైన్ తోటలు: ఎనిమిది రాత్రులకు ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. అక్టోబర్ రెండో వారం, మొత్తం 12 మంది: మూడు జంటలు, నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. సగం మంది హైదరాబాద్ నుంచి, సగం డాలస్ నుంచి. రోమ్‌లో దిగి ఫ్లోరెన్స్ నుంచి తిరుగు ప్రయాణం, మధ్యలో ఎనిమిది రాత్రులు. లిస్టులో ఓర్వియేతో, అస్సీసీ, కోర్తోనా, మోంతెపుల్చానో, పియెంజా, మోంతాల్చినో, సియెనా, సాన్ జిమిన్యానో, వోల్తెర్రా, ఫ్లోరెన్స్ ఉన్నాయి, దాదాపు రోజుకో హోటల్. వైన్ తాగేది ఐదుగురే, శాకాహారులు ఆరుగురు. కార్లు మనమే నడపాలా, డ్రైవర్‌తో బస్సు మాట్లాడుకోవాలా అన్నది మీ ప్రశ్న.

కారు సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ లిస్టు సగానికి కోసేయండి, రోజుకో హోటల్ పద్ధతి తీసేసి ఒకే ఇంట్లో ఐదు రాత్రులు ఉండండి. మీరు రాసిన తలనొప్పుల్లో సగం దీంతోనే పోతాయి. నేను చాలా ఏళ్లుగా ఇటలీలోనే ఉంటున్నాను, చుట్టాలూ స్నేహితులూ గుంపుగా వచ్చినప్పుడల్లా ఈ వైపు తిప్పే డ్యూటీ నాదే. గుంపులు ఎక్కడ అలసిపోతాయో, ఎక్కడ మాటా మాటా వస్తుందో బాగా చూశాను. దాదాపు ప్రతిసారీ అది సూట్‌కేసులు సర్దే రోజే.

మ్యాప్‌లో చూస్తే ఈ ఊళ్లన్నీ పక్కపక్కనే ఉంటాయి. మోంతెపుల్చానో నుంచి పియెంజా 14 కిలోమీటర్లు, పియెంజా నుంచి మోంతాల్చినో పాతిక లోపే, అందుకే ఒక్క రోజులో మూడూ చూసేద్దాం అనిపిస్తుంది. కారులో కూర్చునే టైం అందరూ లెక్కేస్తారు, దిగాక పట్టే టైం ఎవరూ లెక్కేయరు. ఇవన్నీ కొండ నెత్తిన గోడ కట్టుకున్న ఊళ్లు. కారు గోడ బయటే ఆగిపోతుంది, అక్కడి నుంచి నడక, అదీ ఎగువకు, రాళ్లు పరిచిన సందుల్లో. పన్నెండు మంది దిగి, ఇద్దరు బాత్రూమ్‌కి, ఒకరు కాఫీకి, పిల్లలు జెలాతో ఐస్‌క్రీంకి, ఎవరో ఒక బాబాయి పార్కింగ్ మెషిన్‌తో కుస్తీకి వెళ్తే ఊరి గేటు దాటేసరికే ముప్పావు గంట. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడున్నర, నాలుగు దాకా చిన్న ఊళ్లలో చాలా షాపులు, కొన్ని చర్చిలు కూడా మూసేస్తారు. అక్టోబర్ మధ్యలో సాయంత్రం ఆరున్నర దాటగానే పొద్దు గూకుతుంది, ఆ తర్వాత పల్లె రోడ్ల మీద లైట్లుండవు, అడవి పందులు అడ్డం వస్తాయి. కాబట్టి రోజుకు రెండు ఊళ్లు గరిష్ఠం, అందులో ఒకటి చిన్నదై ఉండాలి.

పెద్దవాళ్ల మోకాళ్ల గురించి అడిగారు. ఊరిని బట్టి తేడా చాలా ఉంది. పియెంజా హాయి, దాదాపు చదునుగా ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాల నడక. అది ఒకప్పుడు కోర్సిన్యానో అనే పల్లె. అక్కడ పుట్టిన ఆయన రెండో పయస్ పేరుతో పోప్ అయ్యి, 1459లో బెర్నార్దో రోస్సెల్లినో అనే శిల్పికి అప్పగించి చౌకు, చర్చి, భవంతి అన్నీ మూడు నాలుగేళ్లలో కట్టించేశాడు. అందుకే ఆ ఊరు ఒక్క చేత్తో గీసినట్టుంటుంది. మోంతెపుల్చానో దీనికి పూర్తి వ్యతిరేకం, కింది గేటు నుంచి పైన పియాజ్జా గ్రాందే అనే చౌకు దాకా మెయిన్ వీధి మొత్తం ఎగుడే. ఆగస్టు చివరి ఆదివారం అదే వీధిలో దాదాపు 80 కిలోల వైన్ పీపాలను పైకి దొర్లించే పందెం పెడతారు, దాన్నిబట్టి ఎత్తు ఊహించుకోండి. అక్కడ కింద నుంచి పైకి చిన్న బస్సు నడుస్తుంది, పెద్దవాళ్లను అందులో పంపి, పైన కలుసుకుని, అందరూ కలిసి దిగువకు నడవండి. ఓర్వియేతోకి రైల్వే స్టేషన్ దగ్గర నుంచి ఫ్యునిక్యులర్, అంటే తాడుతో కొండెక్కే చిన్న రైలు ఉంది, పైన బస్సు మారితే కతెద్రల్ ముందే దింపుతుంది, ఆ ఊరు పైన బల్లపరుపుగా ఉంటుంది. సియెనాలో స్టేషన్ నుంచి, కొన్ని పార్కింగ్‌ల నుంచి పైకి ఎస్కలేటర్లున్నాయి, అవి వాడుకుంటే ఊరి లోపల నడక భరించొచ్చు. కోర్తోనా మాత్రం ఎస్కలేటర్ ఎక్కాక కూడా ఎక్కుతూనే ఉంటాం. ఇంకో మాట, కొత్త బూట్లు ఈ ట్రిప్‌లో మొదటిసారి వేసుకోవద్దని అందరికీ గట్టిగా చెప్పండి, చెప్పులతో ఆ రాళ్ల మీద నడవడం పెద్దవాళ్లకు ప్రమాదం.

ఇక లిస్టులోంచి ఏవి తీసేయాలి. వోల్తెర్రా నాకు చాలా ఇష్టం, రోమన్ల కంటే ముందున్న ఎట్రుస్కన్ల కాలం గేటు, అలబాస్టర్ రాయి చెక్కే దుకాణాలు, జనం తక్కువ. కానీ మీ దారికి బాగా పక్కన పడుతుంది, వదిలేయండి. అస్సీసీ మీరుండే చోటు నుంచి గంటన్నర. పెద్దవాళ్లు సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా చూడాలని పట్టుబడితే దానికి ఒక పూర్తి రోజు వేరుగా ఇవ్వండి, వేరే ఊరి తోకగా మాత్రం తగిలించకండి. సాన్ జిమిన్యానో ఫొటోల్లో అద్భుతం, ఒకప్పుడు 72 టవర్లుండేవని చెప్పుకుంటారు, ఇప్పుడు 14 మిగిలాయి. కానీ పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా టూర్ బస్సుల జనంతో సందులు కిక్కిరిసిపోతాయి. అక్కడే రాత్రి ఉంటే తప్ప నేను పంపను. ఎవరో ఒకరు ‘మరి పీసా టవర్?’ అని తప్పకుండా అడుగుతారు. అది ఈ దారిలో లేదని ఒకే మాట మీద నిలబడండి, లేకపోతే రోజంతా పోతుంది.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలంటే మోంతెపుల్చానో, పియెంజా మధ్య ఎక్కడైనా. సియెనా, ఫ్లోరెన్స్ మధ్య ఉండే కియాంతి కూడా అందమే, అక్కడ కొండలు అడవితో దట్టంగా ఉంటాయి, రోడ్లు మెలికలు ఎక్కువ, వెనక సీట్లో పిల్లలకు వాంతులు గ్యారంటీ. పియెంజా ఉండే వాల్ దోర్చా లోయ వైపు నేల విశాలంగా, రోడ్లు కొంచెం నయంగా ఉంటాయి. ఈ లోయకు 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక్క హెచ్చరిక: ఇన్‌స్టాలో చూసే పచ్చటి అలల్లాంటి కొండలు ఏప్రిల్, మే నెలల గోధుమ చేలవి. అక్టోబర్‌లో ఆ పొలాలన్నీ దున్నేసి మట్టి గడ్డలతో గోధుమ, బూడిద రంగులో ఉంటాయి. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది, పొద్దున లోయలో మంచు పట్టి, సైప్రస్ చెట్ల కొసలు మాత్రమే పైకి కనిపిస్తాయి. కానీ మీ గుంపులో పచ్చదనం కోసం డ్రోన్ తెచ్చుకునేవాళ్లుంటే ముందే చెప్పేయండి. ద్రాక్ష తోటల ఆకులు మాత్రం ఆ నెలలోనే పసుపు, ఎరుపు తిరగడం మొదలవుతుంది.

పన్నెండు మందికి హోటల్ కాకుండా అగ్రితూరిస్మో చూడండి, అంటే వ్యవసాయం చేసే కుటుంబం తమ పొలంలోని ఇళ్లను అద్దెకిచ్చే పద్ధతి. ఈ రాతి ఇళ్ల వెనక కథ ఉంది. ఇక్కడ వందల ఏళ్లు మెజ్జాద్రియా నడిచింది, భూమి, ఇల్లు దొరది, కష్టం రైతు కుటుంబానిది, పంట చెరి సగం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం ఫ్యాక్టరీలకు వెళ్లిపోవడంతో ఇళ్లు ఖాళీ అయ్యాయి, 1964లో కొత్త సగపాలు ఒప్పందాలను చట్టమే ఆపేసింది. ఇవాళ మనం ఈత కొలను పక్కన కూర్చునేది అప్పట్లో ఇరవై మంది పాలికాపు కుటుంబం, కింద గదిలో ఎడ్లు ఉండిన ఇంట్లో. అందుకే వంటగదులు పెద్దవి, గోడలు మందం, ఫోన్ సిగ్నల్ అంతంత మాత్రం.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సీజన్‌లో చాలామంది శనివారం నుంచి శనివారం వారం మొత్తానికే ఇస్తారు, అక్టోబర్‌లో ఐదు రాత్రులకు ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు, మెయిల్ రాసి అడగండి. హీటింగ్ ఖర్చు అద్దెలో కలిసిందా, మీటర్ ప్రకారం వేరుగా కట్టాలా? రాత్రిళ్లు చలి ఉంటుంది, పెద్దవాళ్లున్నారు, ఇది చిన్న మొత్తం కాదు. కింది అంతస్తులో కనీసం రెండు పడకగదులు, పక్కనే బాత్రూమ్ ఉన్నాయా? మెయిన్ రోడ్డు నుంచి ఇంటికి మట్టి రోడ్డు ఎన్ని కిలోమీటర్లు? ఇవి అడగకుండా ఫొటోలు చూసి కట్టేస్తే వచ్చాక బాధ. దిగగానే అందరి పాస్‌పోర్టులూ అడుగుతారు, భయపడకండి, అతిథుల వివరాలు పోలీసులకు పంపడం యజమాని మీద ఉన్న చట్టబద్ధమైన బాధ్యత. తలకు రాత్రికి ఇంత అని ఊరి పన్ను కూడా విడిగా ఉంటుంది, చాలాచోట్ల నగదుగా అడుగుతారు.

ఇప్పుడు కార్లు. నా సలహా: రెండు తొమ్మిది సీట్ల వ్యాన్లు మీరే నడపండి, వైన్ రోజు మాత్రం డ్రైవర్‌తో మినీబస్సు మాట్లాడుకోండి. మామూలు కారు లైసెన్స్‌తో ఇక్కడ డ్రైవర్‌తో కలిపి తొమ్మిది సీట్ల దాకా నడపొచ్చు. ఒక్క పెద్ద బండి చాలదు, రెండింట్లో ఆరుగురేసి కూర్చుంటే సూట్‌కేసులకు చోటు మిగులుతుంది, ఒక బండి ఇంటికి తొందరగా వెళ్లాలన్నా వెళ్లొచ్చు. ఈ రెండో లాభం గుంపులో బంగారం. ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్లు ఆర్టీవో దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, అది ఒక సంవత్సరం చెల్లుతుంది. అమెరికా లైసెన్స్ వాళ్లకూ ఇది తప్పనిసరే, అక్కడ ఏఏఏ అనే వాహనదారుల సంఘం వాళ్లు ఇస్తారు. రెంటల్ కౌంటర్‌లో అడగకపోయినా రోడ్డు మీద పోలీసులు అడుగుతారు. ఆటోమేటిక్ గేర్ వ్యాన్లు ఇక్కడ తక్కువ, డాలస్ వాళ్లు గేర్లు మర్చిపోయి ఉంటే ఇప్పుడే రిజర్వ్ చేయండి. పిల్లల ఎత్తు 150 సెంటీమీటర్ల లోపుంటే చైల్డ్ సీట్ లేదా బూస్టర్ ఉండాల్సిందే.

పెద్ద గండం జెడ్‌టీఎల్. పాత ఊళ్ల మధ్యలోకి బయటి కార్లు రాకూడని ప్రాంతం అది, గేటు దగ్గర తెల్లటి గుండ్రానికి ఎర్ర అంచు ఉన్న బోర్డు, పైన కెమెరా. ఎవరూ ఆపరు, అడగరు, లోపలికి వెళ్లి బయటకు వస్తారు, నెలల తర్వాత ఇంటికి ఫైన్ వస్తుంది, దానికి ముందు రెంటల్ కంపెనీ మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు మీ కార్డులోంచి విడిగా ఫీజు లాగేస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఫైన్ పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువుంది. ఒకే గేటు రెండుసార్లు దాటితే రెండు ఫైన్లు. కొన్నిచోట్ల లైట్ల బోర్డు మీద ‘వార్కో అత్తీవో’ అని వెలుగుతుంటుంది, దాన్ని ‘దారి తెరిచి ఉంది’ అనుకుని దూరిపోతారు, నిజానికి కెమెరా పనిచేస్తోంది, లోపలికి రావద్దు అని. ఫోన్‌లో నావిగేషన్ పెట్టేటప్పుడు ఊరి పేరు కాకుండా ఎప్పుడూ పార్కింగ్ పేరు కొట్టండి, ఈ గొడవే ఉండదు. హైవే టోల్ దగ్గర పసుపు రంగు టెలిపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) లైన్‌లోకి వెళ్లకండి. పెట్రోల్ బంకులో ‘గాసోలియో’ అంటే డీజిల్, ‘బెంజీనా’ అంటే పెట్రోల్, బండి ఏదో మూత మీద చూసుకుని కొట్టించండి.

తాగి నడపడం గురించి మెలిక లేకుండా చెప్తాను. ఇక్కడ పరిమితి లీటర్ రక్తానికి 0.5 గ్రాములు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు కాని వాళ్లకు, 21 ఏళ్ల లోపు వాళ్లకు సున్నా. వైన్ రుచి చూడటం అంటే నాలుగైదు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోస్తారు, రెండు వైనరీలకు ఆ పరిమితి సులువుగా దాటిపోతుంది. తాగేది ఐదుగురే కదా, తాగని జంటలో ఎవరో నడుపుతారులే అనుకుంటారు. కానీ వాళ్లేమీ డ్యూటీ చేయడానికి రాలేదు, వరసగా రెండు రోజులు వాళ్లే నడిపితే మూడో రోజు ముఖాలు మాడతాయి. ఆ ఒక్క రోజుకు డ్రైవర్ ఖర్చు ఐదుగురు తాగేవాళ్లు ఎక్కువ వాటా వేసుకుని కట్టండి, అందరూ ప్రశాంతంగా ఉంటారు.

వైన్ విషయం. అన్నిటికీ వెనక ద్రాక్ష దాదాపు ఒకటే, సాంజోవేసే. మోంతాల్చినోలో బ్రునెల్లో అంటే నూటికి నూరు శాతం అదే, పంట కోసిన తర్వాత ఐదో సంవత్సరం జనవరి 1 దాకా అమ్మకూడదు. అంటే 2020 పంట వైన్ 2025 జనవరిలో బయటికొచ్చింది. అందులో కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో ఉండాలి. మోంతెపుల్చానోలో వీనో నోబిలే, అందులో సాంజోవేసే కనీసం 70 శాతం. కియాంతి క్లాసికోలో కనీసం 80 శాతం, సీసా మెడ మీద నల్ల కోడిపుంజు గుర్తు చూడండి, ఆ గుర్తు లేని మామూలు కియాంతి ఇంకా పెద్ద ప్రాంతం నుంచి వస్తుంది. కియాంతి హద్దులను 1716లోనే టస్కనీ పాలకుడు గ్రాండ్ డ్యూక్ మూడో కొసిమో శాసనం వేసి గీశాడు, కల్తీ భయం అప్పటి నుంచే ఉంది మరి. మీ ఐదుగురిలో వైన్‌కు కొత్తవాళ్లుంటే బ్రునెల్లో కంటే రోస్సో ది మోంతాల్చినో అడగండి. అదే ద్రాక్ష, అదే కొండ, తక్కువ కాలం నిల్వ, ధర చాలా తక్కువ, నాలుకకు అంత బిగుసుగా ఉండదు. ఖరీదైన సీసా మొదటిసారే తాగి ‘వగరుగా ఉందేంటి’ అన్నవాళ్లను చాలామందిని చూశాను, వాళ్ల తప్పేం లేదు.

పన్నెండు మందితో చెప్పకుండా వైనరీకి వెళ్తే గేటు దగ్గర నుంచే పంపేస్తారు. నెల ముందే మెయిల్ రాయండి: ఎంతమంది, అందులో ఎందరు తాగుతారు, ఎందరు పిల్లలు, ఎందరు శాకాహారులు. తాగనివాళ్లకు కూడా సెల్లార్ చూపించి, ఆలివ్ నూనె, జున్ను, రొట్టె పెట్టి తక్కువ ధర తీసుకునే చోట్లు ఉన్నాయి, ముందు అడిగితేనే. రోజుకు రెండు వైనరీలు చాలు, పొద్దున ఒకటి, భోజనంతో కలిపి ఇంకొకటి. మూడోది పెట్టుకుంటే సగం మంది బస్సులో నిద్రపోతారు. ఉమ్మడానికి చిన్న పాత్ర పెడతారు, అందులో ఉమ్మేయడం, మిగిలింది పారబోయడం ఇక్కడ మర్యాదే, ఎవరూ ఏమీ అనుకోరు. చివర్లో ఒకటో రెండో సీసాలు కొనడం మంచిది, బలవంతం లేదు. ఇండియాకు వెళ్లేవాళ్లు, పిల్లలు కాక, ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, మధ్యలో చొక్కాలు చుట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.

భోజనం. శాకాహారులకు టస్కనీ నిజానికి మంచి చోటు, బీన్స్, రొట్టె, ఆకుకూరల వంట ఇక్కడి పేదవాళ్ల తిండి. రిబొల్లీతా అనే రొట్టె, బీన్స్, నల్ల క్యాబేజీ సూప్, పప్పా అల్ పొమొదోరో అనే టమాటా రొట్టె సూప్, సేజ్ ఆకు, టమాటాతో ఉడికించిన బీన్స్. మన చేగోడీలకు పిండి తాల్చినట్టు చేత్తో తాల్చే లావుపాటి పీచీ పాస్తా ఉంటుంది, వెల్లుల్లి, టమాటా సాస్‌తో చేసేదాన్ని ‘పీచీ అల్లాయోనే’ అంటారు, మన నాలుకకు బాగా ఎక్కుతుంది. గుడ్డు కూడా తినని వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, పీచీ సాధారణంగా పిండి, నీళ్లతోనే చేస్తారు, తాల్యతెల్లె లాంటి తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. అయినా ప్రతిచోటా అడగండి. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, ప్రోషుత్తో, పాన్‌చెత్తా లాంటి ఉప్పు పట్టించిన పంది మాంసాన్ని మాంసం కింద లెక్కేయని వంటవాళ్లున్నారు, సూప్‌లో ఎముకల రసం పోసి ఉండొచ్చు, కాబట్టి విడివిడిగా పేరు పెట్టి అడగాలి. రగూ అని ఉంటే అది మాంసమే, ఎక్కువగా బీఫ్, పోర్క్ కలిసి ఉంటాయి, బీఫ్ తినని మాంసాహారులు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. పార్మిజానో జున్నులో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు, పియెంజా గొర్రె పాల జున్ను పెకోరీనోలో కూడా చాలావరకు జంతువుల రెన్నెట్ ఉంటుంది. మీ పెద్దవాళ్లు అంత నిష్ఠగా ఉంటారో లేదో మీకే తెలుసు. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, మొదటి రోజు అందరూ పాడైందనుకుంటారు.

రాత్రి భోజనం ఏడున్నర కంటే ముందు దొరకదు, మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటగది మూసేస్తారు. పిల్లలకూ పెద్దవాళ్లకూ ఇది కష్టం, అందుకే వంటగది ఉన్న ఇల్లు అన్నాను. మధ్యాహ్నం బయట బాగా తిని, రాత్రి ఇంట్లో అన్నం, చారు, ఏదో ఒక వేపుడు. బియ్యం సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, పొడులు, ఊరగాయలు, చింతపండు తెచ్చుకోండి, నెయ్యి మాత్రం వద్దు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేవడం నిషేధం, పచ్చి కరివేపాకు కూడా తేకూడదు. నెయ్యి ఇక్కడి ఉప్పు లేని వెన్న కాచుకుంటే పది నిమిషాల్లో తయారు. రెస్టారెంట్‌లో బిల్లు మీద ‘కొపెర్తో’ అని తలకు కొద్ది యూరోలు కనిపిస్తే మోసం కాదు, మామూలే. పన్నెండు మందికి టేబుల్ రెండు మూడు రోజుల ముందు చెప్పకపోతే ఈ చిన్న ఊళ్లలో దొరకదు.

డబ్బు లెక్క ఇక్కడే తేల్చుకోండి, ఎందుకంటే పన్నెండు విడి బిల్లులు అడిగితే వెయిటర్ ముఖం చూడలేం. రెండు ఉమ్మడి నిధులు పెట్టండి. ఒకటి అందరిది: టోల్, డీజిల్, పార్కింగ్, కూరగాయలు, మామూలు భోజనం. రెండోది వైన్ నిధి, తాగేవాళ్లది మాత్రమే: వైనరీ ఫీజులు, రెస్టారెంట్‌లో సీసాలు. నీళ్లు తాగిన పిన్నిగారి వాటాలో బ్రునెల్లో సీసా పడితే ఆవిడ అక్కడ ఏమీ అనరు, హైదరాబాద్ వెళ్లాక పదేళ్లు అంటారు. ఇంట్లో ఒకరు ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రోజూ రాత్రి ఎక్కించేయాలి, చివర్లో కూర్చుని గుర్తు చేసుకుందాం అంటే అవదు.

రోజుల వారీగా అయితే నేను ఇలా వేస్తాను. దిగిన రోజు బండి నడపకండి, రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి కొత్త దేశంలో స్టీరింగ్ పట్టడం దండగ, రోమ్ విమానాశ్రయం దగ్గరే పడుకోండి. మర్నాడు పొద్దున వ్యాన్లు తీసుకుని ఓర్వియేతో, సుమారు గంటన్నర. కింద స్టేషన్ దగ్గర పార్క్ చేసి ఫ్యునిక్యులర్‌లో పైకి, 1290లో మొదలుపెట్టిన కతెద్రల్ ముందు భాగం చూడండి, ఓపికున్నవాళ్లు సాన్ పత్రీత్సియో బావిలోకి దిగండి, 248 మెట్లు, దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ వేర్వేరు మెలిక దారులు, నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా అలా కట్టారు. బ్యాగులు బండిలో బయటికి కనపడేలా వదలకండి, ఒకరు కాపలా ఉండటం మేలు. సాయంత్రానికి ఇల్లు, దారిలో సూపర్‌మార్కెట్. మూడో రోజు పొద్దున ఆలస్యంగా లేచి పియెంజా, సాయంత్రం మోంతెపుల్చానో. నాలుగో రోజు మినీబస్సుతో మోంతాల్చినో, రెండు వైనరీలు, మధ్యలో సాంత్ ఆంతిమో మఠం. ఐదో రోజు సియెనా ఒక్కటే. ఆరో రోజు గుంపు విడిపోవాలి. ఇది నా గట్టి సలహా, ఐదారు రోజులు పన్నెండు మంది ఒకే చోట ఉంటే ప్రేమలు తగ్గుతాయి. ఒక వ్యాన్ అస్సీసీకో కోర్తోనాకో, ఇంకొకటి పిల్లలతో బాన్యో విన్యోనికి. ఆ ఊరి చౌకు స్థానంలో పెద్ద వేడినీటి కొలను ఉంటుంది, అందులో దిగనివ్వరు, కింద పారే కాలువలో కాళ్లు పెట్టుకోవచ్చు. ఏడో రోజు కియాంతి మీదుగా ఫ్లోరెన్స్, సియెనా దాటాక 222 నంబరు రోడ్డు పట్టుకుని పాంజానో, గ్రేవే వైపు. వ్యాన్లను ఫ్లోరెన్స్ విమానాశ్రయంలో అప్పజెప్పి ట్రామ్‌లో ఊళ్లోకి వెళ్లండి, ఊరి మధ్యలోకి బండితో వెళ్లాలన్న ఆలోచనే వద్దు. మిగిలిన రోజు ఫ్లోరెన్స్‌లో. ఉఫ్ఫీజీ చిత్రాల మ్యూజియంకు సోమవారం సెలవు, టికెట్లు ముందే తీసుకోండి, మిగతాది మీకు ఎక్కడైనా దొరుకుతుంది.

వీసా గురించి ఒక్క మాట. డాలస్ నుంచి వచ్చేవాళ్లలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు గ్రీన్ కార్డ్ ఉన్నా సరే షెంగెన్ వీసా కావాలి, ఇది చాలామంది చివర్లో తెలుసుకుంటారు. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి, పిల్లలు కాని వాళ్లకు ఫీజు 90 యూరోలు. అందరి కాగితాల్లోనూ ఒకే ఇల్లు, ఒకే తేదీలు కనిపించాలి కాబట్టి ఇంటి బుకింగ్ మెయిల్‌లో పన్నెండు పేర్లూ రాయించుకోండి.

కాబట్టి బుక్ చేసే వరస: ముందు ఇల్లు, వెంటనే వ్యాన్లు, ఆ తర్వాత వీసా అపాయింట్‌మెంట్లు, విమానం టికెట్లు క్యాన్సిల్ చేసుకోగలిగేవే తీసుకోండి, వైనరీలు నెల ముందు. తేదీలు ఖరారయ్యాక వారంలో ఏ రోజు ఎక్కడ పడుతుందో రాయండి, ఆదివారం, సోమవారం ఏవి మూసి ఉంటాయో చూసి వరస మార్చి చెప్తాను. నలుగురు పెద్దవాళ్లలో మెట్లు అస్సలు ఎక్కలేని వాళ్లెవరైనా ఉంటే అది కూడా చెప్పండి, సియెనా రోజు వేరేలా వేయాలి.